అరచేతిలో ఎర్ర ఉప్పు

మంచు కనుమలో నోరు విప్పకూడదు. విప్పితే హిమవ్వకు నిద్ర చెడుతుందని, నిద్ర చెడిన అవ్వ కోపంతో దుప్పటి దులుపుతుందని కొండజనం నమ్మకం. అక్కడ కంచరగాడిదల మెడగంటలకు గుడ్డలు చుడతారు. తుమ్ము వస్తే మొహం మంచులో దూర్చుకుంటారు.

గుర్రాల వర్తకుడి వేషంలో ఉన్న రణమల్లుడు ఈ తతంగమంతా వేడుకగా చూస్తూ నడిచాడు. వెనక్కి తిరిగి చూసేంతవరకే ఆ వేడుక.

కనుమ మొదట్లో నల్లచుక్కలు కదిలాయి. చూస్తుండగానే అవి గుర్రాలయ్యాయి. వాటి మీద మనుషులు, మనుషుల చేతుల్లో విల్లులు. మాంత్రికుడు ధూమకేశుడి రౌతులు.

దారి చూపుతున్న సింగమ్మ కూడా చూసింది. గాడిదలు తోలుకుని బతికే కొండమనిషి ఆమె. వయసు మళ్లినా కాలు తడబడదు. పరుగెత్తమని చేత్తో సైగ చేసింది.

పరుగెత్తడానికి చోటెక్కడుంది? ఎడమ పక్క అడుగు కనిపించని లోయ. కుడి పక్క ఆకాశాన్ని ఆనుకున్న మంచుగోడ. పొద్దుటెండ తగిలి ఆ మంచు ఒకచోట పాలనురుగులా, ఒకచోట తామరరేకుల రాశిలా, మరొకచోట దేవకన్యలు ఆరేసిన పట్టుచీరల వరుసలా మెరిసిపోతోంది. దాని పెద్ద అంచు ఒకటి దారి మీదికి గొడుగులా వంగి ఉంది. ఆ గొడుగు కిందికే రౌతులు వస్తున్నారు.

ఒక బాణం వచ్చి గాడిద జీనులో దిగింది. ఇంకొకటి రణమల్లుడి తలపాగా ఎగరగొట్టింది.

అతను మంచు అంచును చూశాడు. రౌతులను చూశాడు. నడుముకున్న కొమ్ముబూర తీశాడు. సింగమ్మ కళ్లు గుండ్రమయ్యాయి, వద్దని అతని చేయి పట్టుకుంది. రణమల్లుడు ఆమెను ఒక్క తోపుతో బండ చాటుకు నెట్టి, గుండెలనిండా గాలి పీల్చి బూర ఊదాడు.

ముందు ఏమీ కాలేదు. తర్వాత ఎక్కడో చిన్నగా గుడ్డ చినిగిన చప్పుడు. ఆ తర్వాత కొండ మొత్తం కదిలింది. గుర్రాలు, విల్లులు, కేకలు అన్నీ కలిసి తెల్లటి ఉరుములో లోయలోకి పోయాయి. మంచుపొగ తేరేసరికి కనుమలో వాళ్లిద్దరూ గాడిదలూ తప్ప మరెవరూ లేరు.

సింగమ్మ బండ చాటునుంచి లేచి ముందు చేసిన పని, చేతికర్రతో రణమల్లుడి వీపు మీద ఒకటి వేయడం.

"అవ్వను లేపితివి కదరా అబ్బీ."

"అవ్వ ఎక్కడుంది? చప్పుడుకు మంచు కదిలింది, అంతే."

"అంతేనంట. మాకు తెలీదా యేం? మాటకు మంచు జారుతాదని మా తాతల్లో ఎవుడో సచ్చి తెలుసుకున్నాడు. సంటిపిల్లోళ్లకు అట్ల జెబితే ఇంటారా? అవ్వ కొడతాదంటే ఇంటారు. పా, ముందుకు పా. ఇంగ బూర తీస్తివా, నిన్నే లోయలోకి నూకుతా."

రణమల్లుడు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఆకాశంలో సూర్యుడు అప్పుడే రెండు బారలు పైకి వచ్చాడు. ఈ రోజు మధ్యాహ్నం ఆ సూర్యుడికి గ్రహణం పడుతుంది. గ్రహణం పట్టేలోగా సముద్రం ఒడ్డున, నీలఘట్టంలో, అతని భార్య కువలయ చుట్టూ ఇటుకగోడ పూర్తవుతుంది.

ఆమె చేసిన నేరం ఉప్పు అందివ్వడం.

నీలఘట్టంలో ఎవరూ ఉప్పు చేతిలోంచి చేతిలో పెట్టరు. కింద పెడితే అవతలివాళ్లు తీసుకుంటారు. చేతికి ఉప్పిస్తే పుచ్చుకున్నవాడి ఆయువు తరుగుతుందని అక్కడి నమ్మకం. విందులో రాజు భీమరథుడు అన్నం చప్పగా ఉందని ఉప్పు అడిగి చేయి చాచాడు. పక్కన వడ్డిస్తున్న కువలయ, చాచింది రాజు కాబట్టి, ఆ చేతిలోనే పెట్టింది. రాజు ముద్ద నోట పెట్టుకుని అలాగే ఒరిగిపోయాడు. ఊపిరి ఉంది, కళ్లు తెరిచే ఉన్నాయి. మాట లేదు, కదలిక లేదు. రాజగురువు ధూమకేశుడు లేచి ఆమె వైపు వేలు చూపించాడు. ఉప్పుతో చంపబోయింది కాబట్టి ఉప్పు మడుల మధ్యనే ఆమెను గోడలో పెట్టి మూసేయాలన్నాడు. నీలఘట్టంలో చదువుకున్నవాళ్లు, ధర్మం తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ రోజు ఒక్కరికీ నోరు లేదు.

రాజును పెంచిన ముసలి దాది మాత్రం రణమల్లుడిని చాటుకు పిలిచి చెప్పింది. "నాయనా, అరుణకోటలో ఎర్ర ఉప్పు దొరుకుతుంది. విషం తగిలితే అది నీలంగా మారుతుంది, ఆ విషాన్ని పీల్చేస్తుంది. రాజు నాలుక మీద పెట్టి చూడు. నీ పెళ్లాం తప్పు లేదని లోకానికి తెలుస్తుంది."

అరుణకోట శత్రుదేశం. అందుకే గుర్రాల వర్తకుడి వేషం. తిరుగుప్రయాణానికి కనుమకు సముద్రం వైపు, కొండవాలు కింద, గాలిని మించి పరుగెత్తే గుర్రాన్ని దాచి ఉంచాడు.

కనుమ దాటగానే కోట కనిపించింది. అది కట్టిన కోట కాదు, చెక్కిన కోట. ఎర్ర ఉప్పు కొండనే బురుజులుగా, మేడలుగా, మెట్లుగా తొలిచారు. ఎండ పడినచోట గోడలు దానిమ్మగింజల్లా వెలుగుతున్నాయి. నీడ ఉన్నచోట కుంకుమరంగు. గవాక్షాల అంచుల్లో ఉప్పుస్ఫటికాలు వేలాడుతూ గాలికి ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతున్నాయి. ఆ గోడలను నాకడానికి వచ్చిన కొండమేకలను కాపలావాళ్లు రాళ్లు వేసి తరుముతున్నారు.

కోటగుమ్మం దగ్గర ఇంకొక కాపలావాడు వచ్చినవాళ్లందరికీ పిడికెడు ఎర్ర ఉప్పు ఇచ్చి లోపలికి పంపుతున్నాడు. రణమల్లుడి వంతు వచ్చింది. కాపలావాడు ఉప్పుతో చేయి చాచాడు.

రణమల్లుడి చేయి దానంతటదే వెనక్కి పోయింది. మెడలోని ఉత్తరీయం తీసి నేల మీద పరిచి, "ఇక్కడ పెట్టు" అన్నాడు.

నోట్లోంచి మాట వచ్చాక తెలిసింది ఏం చేశాడో.

"ఏమబ్బీ, చెయ్యి కాల్తాదా?" అన్నాడు కాపలావాడు మెల్లగా. అని, అతని గడ్డం పట్టుకుని లాగాడు. అంటించిన గడ్డం ఊడి వచ్చింది. "సముద్రపోడు. కట్టండ్రా వీన్ని."

తాళ్లు పడ్డాయి. మెట్ల మీదుగా ఈడ్చుకుపోతుంటే సింగమ్మ పక్కనే నడుస్తూ తిట్టింది.

"అంత దొడ్డ ఏసం ఏసుకుంటివే, ఉప్పు చేతిలో తీసుకోవాలని తెలీకపాయనా? నిన్ను తోలకొస్తినని నన్ను గూడా లోయలోకి తోస్తారేమో."

"మీరెందుకు చేతికిస్తారు అవ్వా? మా దగ్గర అది చావు."

"మీ దగ్గరే కదా మొదలయింది ఇదంతా. మా పెద్దదొర, మీ ముత్తాతలనాటి రాజు, సంధి జేసుకుని ఒక పంక్తిలో తినిరి. మీ రాజు కూడు సప్పగుండాదని ఉప్పడిగె. మా దొర చేతిలో ఏసె. వాడు సచ్చె. మా దొర ఇసం పెట్టినాడని మీరు మా మీద పడితిరి. అప్పుట్నుంచి మేము ఉప్పు చేతికే ఇస్తాం. సూడు, నా చెయ్యి ఇది, దీంట్లో ఇసం లేదు అని. చేతిలో తీసుకోనోడు మమ్మల్ని నమ్మనోడు. వాడు మాకు పగోడు."

రణమల్లుడు మెట్టు మీద ఆగిపోయాడు. భటుడు వెనకనుంచి తన్నినా కదలలేదు.

అదే విందు కథ అతను చిన్నప్పటినుంచి విన్నాడు. వాళ్ల ఊళ్లో అందరూ విన్నారు. దొర ఉప్పు చేతిలో పెట్టాడు, రాజు చచ్చాడు, కాబట్టి చేతికి ఉప్పు పుచ్చుకోకూడదు. ఒకే చావు. ఇటువాళ్లు ఒక ఆచారం పెట్టుకున్నారు, అటువాళ్లు దానికి విరుద్ధమైనది పెట్టుకున్నారు. రెండు దేశాలూ ఉప్పునే చూశాయి. అన్నం చప్పగా ఎందుకుందని ఒక్కడూ అడగలేదు.

"అవ్వా, ఆ విందులో కూడు మీ దొరకు చప్పగా ఉందా?"

"లేదంట. అందరికీ సరిగానే ఉండె."

"మా రాజుకూ అంతే. పంక్తిలో అందరికీ బాగున్న అన్నం ఆయన ఒక్కడికే చప్పగా ఉంది. అంటే ఉప్పు అడిగేసరికే నాలుక చచ్చింది. విషం అంతకుముందే పళ్లెంలో ఉంది."

"పళ్లెం ఎవరిది?"

"రాజు పళ్లెం మంత్రించి ఇచ్చేది రాజగురువు. అప్పుడు ధూమకేశుడి ముత్తాత. ఇప్పుడు ధూమకేశుడు."

సింగమ్మ ఇంకేదో అనబోయింది. అప్పటికి సభ వచ్చేసింది.

విశాలమైన ఉప్పుమండపం అది. పైకప్పులో తొలిచిన గుండ్రని రంధ్రంలోంచి ఎండ ఒక బంగారుస్తంభంలా దిగుతోంది. ఆ ఎండ మధ్యలో ఆసనం, ఆసనం మీద కొండదొర శిలానాథుడు. తెల్లగడ్డం, వెడల్పాటి భుజాలు. ఎండ కొంచెం పక్కకు జరగగానే దొర భటులకు సైగ చేసి ఆసనం కూడా జరిపించాడు.

"నిన్నట్నుంచి దొరకు చలి పట్టుకుండాది" అని ఎవరో గొణిగారు.

దొర విచారణ చేయలేదు. "సముద్రంవాడిని లోయలో తోసేయండి" అన్నాడు.

"తోద్దాం సామీ" అంది సింగమ్మ. "కానీ మనం ఆ లోకానికి పంపేవాడికి నీ చేత్తో ఉప్పు పెట్టి గదా పంపేది. పగోడైనా సరే. అది నీ తాతలనాటి పద్ధతి."

భటుడు పళ్లెంలో ఒక ఎర్ర ఉప్పుగడ్డ తెచ్చాడు. దొర దాన్ని తీసుకున్నాడు. రణమల్లుడి కట్లు విప్పి ముందుకు నెట్టారు. అతను చేయి చాచాడు.

దొర చేయి సగం దూరం వచ్చింది. అక్కడ ఉలిక్కిపడినట్టు ఆగింది. వెనక్కి వెళ్లింది.

"ఆ రాతి మీద పెడతాను. తీసుకోమనండి" అన్నాడు.

రణమల్లుడు ఆ చేతినే చూస్తున్నాడు. గుమ్మం దగ్గర తన చేయి సరిగ్గా అలాగే వెనక్కి పోయింది. మొహం ఎవరిదైనా పెట్టుకోవచ్చు. పసితనంలో అమ్మ పెట్టిన భయాన్ని ఏ మంత్రమూ మార్చలేదు.

"వీడు మీ దొర కాదు" అని అరిచాడు. "మా ఊరివాడు."

అరుస్తూనే దూకాడు. దొర నడుము పట్టుకుని ఆసనంతో సహా ఎండలోంచి నీడలోకి దొర్లించాడు. నీడ తగలగానే తెల్లగడ్డం మైనంలా కరిగింది. భుజాలు కుంచించుకుపోయాయి. ఆ కరిగినదాని కిందినుంచి బొగ్గులాంటి మొహం, పొగరంగు జుట్టు బయటపడ్డాయి. ధూమకేశుడు. ఎర్ర ఉప్పు కోట దాటకుండా ఆపడానికి ముందే వచ్చి కూర్చున్నాడు. ఎండ ఉన్నంతసేపే అతనికి మారురూపం నిలుస్తుంది.

"మా దొర యాడరా?" అని సింగమ్మ కర్ర ఎత్తింది.

"మీ ఉప్పుగనిలోనే. ఆవకాయలా ఊరుతున్నాడు" అని ధూమకేశుడు పళ్లు బయటపెట్టాడు.

జనం సగం గని వైపు పరుగెత్తారు. సగం మాంత్రికుడి మీద పడ్డారు. ధూమకేశుడు పాములా జారి ఎండలోకి దూకాడు. ఏదో గొణిగాడు. చేతులు రెక్కలయ్యాయి. ఏనుగుగున్నంత రాబందు మండపం మధ్యలో లేచి, రెక్కల గాలికి మనుషులను గోడలకేసి కొట్టింది.

సింగమ్మ నేల మీద పడ్డ ఉప్పుగడ్డను ఏరింది. "అబ్బీ, చెయ్యి పట్టు."

రణమల్లుడు చేయి చాచాడు. ఈ పనికే అక్కడ కువలయ చుట్టూ గోడ లేస్తోంది. ఈసారి చేయి వెనక్కి తీయలేదు. ఎర్ర ఉప్పు అరచేతిలో పడింది. పిడికిలి మూశాడు. ఏమీ కాలేదు, గరుకుగా ఉంది, అంతే.

రాబందు కప్పులోని రంధ్రం వైపు లేచింది. ఇంత ఆలస్యమయ్యాక కనుమ దాటి, గుర్రమెక్కి వెళితే సాయంత్రానికి గాని నీలఘట్టం చేరడు. ఇది నీలఘట్టానికే పోతుంది, మధ్యాహ్నంలోగా చేరుతుంది. రణమల్లుడు దొర్లిన ఆసనం మీదికెక్కి ఎగిరి, ఒక్క చేత్తో రాబందు కాలు పట్టుకున్నాడు.

కోట కింద పడిపోయింది. మంచు కనుమ తెల్లటి దారంలా, నది వెండి మొలతాడులా, అడవి పచ్చటి చాపలా కాళ్ల కింద దొర్లిపోయాయి. రాబందు అతన్ని కొండకొమ్ములకేసి రాసింది. మోకాళ్లు చీరుకుపోయాయి. మేఘంలోకి దూరి గిర్రున తిరిగింది. ముక్కుతో భుజం పొడిచింది.

"ఉప్పు వదిలెయ్. నిన్ను ప్రాణాలతో దించుతాను" అంది మనిషి గొంతుతో.

"దించకపోతే?"

"పడి చస్తావు."

"అయితే ఉప్పుతోనే చస్తాను. మోయి."

అతని బరువుకు రాబందు వేగం తగ్గింది. అది తెలిసి మాంత్రికుడు రెక్కలు పిచ్చెత్తినట్టు కొట్టాడు. తొందర అతనికీ ఉంది. ఎదురుగా సముద్రం కనిపించింది. ఒడ్డు పొడుగునా అద్దాల్లాంటి ఉప్పుమడులు, వాటి పక్కన తెల్లటి ఉప్పు కుప్పలు, మడుల మధ్య ఒక చిన్న ఇటుకగది. గది చుట్టూ జనం.

సూర్యుడి అంచును ఏదో నల్లటిది కొరికింది.

రాబందు రెక్కలోంచి ఒక పెద్ద ఈక ఊడింది. తర్వాత పది ఊడాయి. ఎండ పలచబడుతున్నకొద్దీ రెక్కలు చేతులయ్యాయి. రణమల్లుడు పట్టుకున్న గోళ్లకాలు మనిషి కాలుగా మారింది. ఇద్దరూ కలిసి ఆకాశంలోంచి రాయిలా పడ్డారు.

ఉప్పు కుప్ప వాళ్లను మింగేసింది.

మొదట పైకి వచ్చింది రణమల్లుడు. నోటినిండా, కళ్లనిండా ఉప్పు. చీరుకుపోయిన మోకాళ్లు భగ్గుమన్నాయి. పిడికిలి మాత్రం మూసే ఉంది. దొర్లి, లేచి, గది వైపు పరుగెత్తాడు. గోడ లేవడం అయిపోయింది. ఒక్క ఇటుక పట్టే సందు మిగిలింది. తాపీమేస్త్రి ఆ ఇటుకకు సున్నం రాస్తున్నాడు.

"పట్టుకోండి వాణ్ణి" అని వెనక కుప్పలోంచి ధూమకేశుడు దగ్గుతూ కేకవేశాడు.

సైనికులు నలువైపులనుంచీ వచ్చారు. రణమల్లుడు సందు దగ్గరికి చేరేసరికి ఇద్దరు అతని నడుము పట్టేశారు.

"కువలయా, చేయి."

సందులోంచి ఒక చేయి బయటికి వచ్చింది. సున్నం మరకలు, పగిలిన గాజులు.

"ఆలస్యం చేశారు" అంది లోపలినుంచి.

"దారిలో కొంచెం పని పడింది."

అరచేతిలో గడ్డ పడగానే ఆమె తడిమి చూసింది. "మళ్లీ ఉప్పేనా?"

జనంలో గగ్గోలు లేచింది. మొగుడు పెళ్లాం చేతికి ఉప్పిచ్చాడు. అదీ గ్రహణం పడుతుండగా. తాపీమేస్త్రి చేతిలో ఇటుక జారి కాలి మీద పడింది. అతను కుంటుకుంటూనే పారిపోయాడు. కూలీలు సున్నం తట్టలు విసిరేసి వెంటపడ్డారు. నడుము పట్టిన సైనికులు చేతులు వదిలేసి తమ అరచేతులు బట్టలకు తుడుచుకున్నారు. ఇంతకాలం ఏ దయా ఆ గోడను ఆపలేదు. భయం ఆపింది.

రణమల్లుడు భుజంతో గోడను గుద్దాడు. సున్నం ఇంకా పచ్చిగానే ఉంది. రెండో గుద్దుకు ఇటుకలు లోపలికి కూలాయి. కువలయ దుమ్ములోంచి బయటికి వచ్చింది. అరచేయి తెరిచి ముందుకు చాచి ఉంది. మధ్యలో ఎర్ర ఉప్పు నిప్పుకణికలా ఉంది.

"రాజుగారి నాలుక మీద పెట్టు" అన్నాడు రణమల్లుడు. "విషముంటే నీలంగా మారుతుంది. విషం ఉప్పులో లేదు, పళ్లెంలో ఉంది."

"నాకు తెలుసు. ఉప్పు అడిగినప్పటికే ఆయన మాట తడబడింది. ఎవరికి చెప్పను? ఎవరు విన్నారు?" అంది. అని కోట వైపు నడవడం మొదలుపెట్టింది.

"ఆ ఉప్పు లాక్కోండి" అని ధూమకేశుడు సైనికుల మీద అరిచాడు.

ఎవరూ కదలలేదు. ముసలి దళపతి గొంతు సవరించుకున్నాడు. "ఆమె చేతిలోంచా? తమరే తీసుకోండి గురువుగారూ. తమకు మంత్రాలొచ్చు."

కువలయ ఆగి ధూమకేశుడి వైపు తిరిగింది. అరచేయి అతని ముక్కు దగ్గరికి తీసుకెళ్లింది.

"తీసుకోండి."

ఆ పళ్లెంలో విషం రాసింది తనే. ఉప్పులో ఏమీ లేదని ఆ రాజ్యం మొత్తంలో బాగా తెలిసినవాడు అతనొక్కడే. అయినా అతని చేయి సగం దూరం వచ్చి ఆగింది. వెనక్కి పోయింది. జనం అది చూశారు.

కువలయ ముందుకు సాగింది. ఆమె చేయి ఎటు తిరిగితే అటు జనం రెండుగా చీలిపోయారు. వేడుక చూడడానికి వచ్చినవాళ్లే అందరూ. ఒక్కరి మొహమూ ఆమె చూడలేదు. సూర్యుడిలో సన్నటి నెలవంక మాత్రం మిగిలింది. పక్షులు గూళ్లకు పోతున్నాయి. కోట బురుజుల మీద ఎవరో కంచుగంట పిచ్చిగా మోగిస్తున్నారు.

ధూమకేశుడు పక్క సైనికుడి చేతిలోని ఈటె గుంజుకుని ఆమె వీపుకు గురిపెట్టాడు. ఆ నెలవంక కూడా ఆరిపోయింది. పట్టపగలు నీలఘట్టం కటికచీకటైంది. ఆ చీకట్లో ఈటె గాలిని కోసిన చప్పుడు వినిపించింది. దానికి ఎదురు రణమల్లుడు దూకిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే ఏదో బరువుగా ఇసుకలో పడింది.

కువలయ అడుగు ఒక్కసారి తడబడింది. వెనక్కి తిరిగితే చేతిలోది జారుతుంది. తిరగలేదు. చేయి చాచుకునే నడిచింది. "ఆగకు, నడు" అని వెనక చీకట్లోంచి రణమల్లుడి గొంతు వినిపించింది.

కోటగుమ్మం దగ్గర దివిటీ వెలుగులో ద్వారపాలకులు ఆ అరచేతిని చూశారు. ఒకడు దివిటీ వదిలేశాడు. రెండోవాడు గడియ తీసి, గోడకు అతుక్కుపోయి, ఆమెకు దారి ఇచ్చాడు. లోపల, రాజు నాలుక మీద పెట్టగానే ఆ ఎర్ర ఉప్పు నీలమైంది.